ఒంటి నిండా బొబ్బలు: కారణమైన మందును పట్టుకోవడం ఎలా?

నలభై రెండేళ్ల ఆవిడ. స్ట్రెచర్ మీద నుంచి మంచం మీదికి మార్చడానికి ఇద్దరు నర్సులు దుప్పటి అంచులు పట్టుకున్నారు. ఒకరి అరచెయ్యి ఆవిడ భుజానికి ఆనింది. ఆనిన చోట చర్మం తడిసిన కాగితంలా ముడుచుకుని పక్కకు జరిగిపోయింది. కింద ఎర్రటి పచ్చిపుండు. పెదవుల మీద నల్లటి అట్ట, కళ్లు అంటుకుపోయి తెరుచుకోవడం లేదు. "నాలుగు రోజుల కింద జ్వరానికి మాత్ర వేసుకుందండీ, మర్నాడు గొంతు నొప్పికి యాంటీబయాటిక్. అవే వికటించాయి" అన్నాడు భర్త. అంతకుముందు చూపించుకున్న చోట కూడా ఆ రెండింటినీ ఆపించారు.

ఆయన చేతిలోని పాలిథిన్ కవరు తీసుకుని బల్ల మీద బోర్లించాను. మూడో మాత్రల షీటు బయటపడింది. దవడ నొప్పికి పందొమ్మిది రోజుల కింద మొదలుపెట్టిన కార్బమాజెపైన్, ఫిట్స్‌కూ నరాల నొప్పికీ ఇచ్చే మందు. దాన్ని ఎవరూ ఆపలేదు. ఆ ఉదయం కూడా స్ట్రాతో నీళ్లు తాగించి మరీ మింగించారు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మూడో షీటే. ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడుతున్నప్పుడు అందరి వేలూ నిన్న మొన్న వేసుకున్న మందు వైపే చూపిస్తుంది. ఎక్కువసార్లు అసలు కారణం అంతకు ఒకటి నుంచి నాలుగు వారాల ముందు మొదలైన మందు. దాన్ని పట్టుకునే పద్ధతిని అడుగు అడుగుగా చెబుతాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే యువ వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు మనసులో ఉన్నారు. రోగి పక్కన కూర్చునే ఇంటివాళ్లకు పనికొచ్చే సంగతులు కూడా చాలా ఉన్నాయి. అయితే ఇది చదివి ఇంట్లోనే వైద్యం చేసుకోవద్దు. రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లే దారిలో చదవండి.

మొదటి అడుగు: ఇది ఆగగలిగేదా, ఆగకూడనిదా?

కారణం వెతకడం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే, వీలైతే ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పంపాలి: దద్దురు ఉన్న చోట దురద కన్నా మంట, నొప్పి ఎక్కువగా ఉండడం, నోరు, కళ్లు, జననాంగాల్లో ఏ రెండు చోట్లయినా పుండ్లు, ఎర్రటి మచ్చల మధ్య బూడిద రంగు లేదా నల్లటి నీడ, ముట్టుకుంటే చర్మం జరగడం, వీటికి తోడు జ్వరం.

మన దగ్గర ఆలస్యానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. జ్వరంతో పాటు ఒంటి మీద పొక్కులు వస్తే "అమ్మవారు పోసింది" అని వేపమండలు పరిచి, పసుపు ముద్ద పూసి, మూడు రోజులు గడప దాటనివ్వని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ భక్తిని నేను తప్పు పట్టను. కానీ ఆటలమ్మ పొక్కులో నీటి బిందువులాంటి చిన్న బుడగ ఉంటుంది, చుట్టూ చర్మం గట్టిగానే ఉంటుంది. చర్మం పొరలు పొరలుగా ఊడడం ఆటలమ్మ లక్షణం కాదు. ఊడిన చోట పసుపు పూస్తే మాకు కింద పుండు రంగు కూడా కనిపించకుండా పోతుంది. ఆ మూడు రోజుల్లో కారణమైన మాత్ర కూడా వేళకు పడుతూనే ఉంటుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ సంగతే.

రెండో అడుగు: బొబ్బను చదవడం

వెలుతురు బాగా ఉన్న చోట, దుస్తులు పూర్తిగా తొలగించి, తల మాడు నుంచి అరికాళ్ల దాకా చూడాలి. మొహమాటం వల్ల జననాంగాలు చూడకుండా వదిలేస్తే సగం సాక్ష్యం వదిలేసినట్టే.

బొబ్బ పైకప్పు ఎలా ఉందో చూడండి. బిగుతుగా, ఉబ్బి, నొక్కినా పగలకుండా ఉంటే చర్మం లోతుగా విడిపోయిందని అర్థం. అరవై డెబ్భై ఏళ్లు దాటినవారిలో విపరీతమైన దురదతో ఇలాంటి బొబ్బలు వస్తే బుల్లస్ పెంఫిగాయిడ్ (ఒంటి రక్షణ వ్యవస్థే చర్మం మీద తిరగబడే జబ్బు) గుర్తుకు రావాలి. మెత్తగా, జోగుతూ, తాకితే పగిలిపోయే బొబ్బ పైపొరల్లో విడిపోయినది. నెలల తరబడి మానని నోటిపూతతో మొదలై తర్వాత ఒంటికి పాకితే అది చాలావరకు అలాంటిదే మరో జబ్బు, పెంఫిగస్ వల్గారిస్. మన దేశంలో చర్మ వైద్యులు పెంఫిగస్‌ను తరచుగానే చూస్తారు. కాబట్టి "బొబ్బలంటే మందు వికటించడమే" అనుకోవద్దు.

తర్వాత నికోల్‌స్కీ పరీక్ష. బొటనవేలి కండను బొబ్బ పక్కన ఎర్రగా ఉన్న చర్మం మీద ఆనించి, ఎముక వైపు కాస్త ఒత్తిడి పెట్టి, పక్కకు జరపాలి. గోరు తగలకూడదు. గీకకూడదు. పైపొర వేలితో పాటు జారి, మడత పడి, కింద తడి ఎర్రదనం బయటపడితే పరీక్ష పాజిటివ్. ఒక్కసారి, చిన్న చోట చేస్తే చాలు. ప్రతి విద్యార్థీ వచ్చి మళ్లీ చేస్తే రోగికి మిగిలేవి కొత్త పుండ్లే. ఈ గుర్తు పెంఫిగస్‌లోనూ కనిపిస్తుంది, పసిపిల్లల్లో స్టెఫైలోకాకస్ విషంతో వచ్చే చర్మం ఊడే జబ్బులోనూ కనిపిస్తుంది. అందుకే ఇదొక్కటే చూసి నిర్ధారణకు రాకూడదు.

ఎంత చర్మం పోయిందో లెక్కగట్టాలి. రోగి అరచెయ్యి, వేళ్లతో కలిపి, దాదాపు శరీరంలో ఒక శాతం. ఊడిన చోటును, తాకితే ఊడేలా ఉన్న చోటును మాత్రమే లెక్కించాలి. ఊరికే ఎర్రబడిన చోటు ఈ లెక్కలోకి రాదు. మందు వికటించి చర్మం ఊడుతున్నప్పుడు అది 10 శాతం లోపు అయితే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్. 30 శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్, వార్డుల్లో క్లుప్తంగా టెన్ అంటారు. 10 నుంచి 30 మధ్యది రెండింటి కలయిక. పేర్లు వేరైనా జబ్బు ఒకటే, తీవ్రతలోనే తేడా. 1922లో అమెరికాలో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు వైద్యులు ఇద్దరు పిల్లల్లో మొదటిదాన్ని వర్ణించారు. 1956లో స్కాట్లాండ్ వైద్యుడు అలన్ లయెల్ రెండోదాన్ని, కాలిన గాయాలతో పోలుస్తూ వర్ణించాడు. ఆ పోలిక ఈనాటికీ సరిగ్గా సరిపోతుంది.

మూడో అడుగు: మందు కాని కారణాలను పక్కన పెట్టడం

చిన్న పిల్లాడు, ఐదేళ్ల లోపు. ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. నోటి చుట్టూ చీలికలు, చంకల్లో గజ్జల్లో చర్మం ఒలుస్తోంది. నోటి లోపల చూస్తే మాత్రం శుభ్రంగా ఉంది. ఇది స్టెఫైలోకాకస్ విషం పని. ఆ విషం చర్మం పైపొరలను అతికించి ఉంచే డెస్మోగ్లీన్-1 అనే ప్రొటీన్‌ను తెంపుతుంది. నోటి లోపలి పొరను ఎక్కువగా కాపాడేది డెస్మోగ్లీన్-3 కాబట్టి నోరు బాగుంటుంది. "నోరు బాగుందా?" అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ దారి చూపిస్తుంది. పెద్దల్లో కిడ్నీలు దెబ్బతిన్నవారికి కూడా ఇది రావచ్చు.

బడి వయసు పిల్లల్లో వారం రోజులు దగ్గు, జ్వరం తర్వాత పెదవులు, నోరు, కళ్లు భయంకరంగా పుండ్లు పడి, ఒంటి మీద మాత్రం నాలుగైదు మచ్చలే ఉంటే మైకోప్లాస్మా న్యుమోనియే అనే సూక్ష్మజీవిని వెతకాలి. ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. అరచేతుల మీద, మోచేతుల మీద వలయం లోపల వలయంగా, విల్లుకాడి గురిచక్రంలా మచ్చలు వచ్చి, అంతకుముందు పెదవి మీద జ్వరపు పొక్కు వచ్చి ఉంటే అది హెర్పిస్ వల్ల వచ్చే ఎరిథీమా మల్టీఫార్మి. దానికి మందులను బాధ్యులను చేయడం అన్యాయం.

వానాకాలంలో దీపాల చుట్టూ తిరిగే చీమలాంటి చిన్న పురుగు ఒకటి ఉంది. దాన్ని చర్మం మీదే నలిపేస్తే మర్నాటికి గీత గీసినట్టు మంట, బొబ్బలు వస్తాయి. మోచెయ్యి మడతలో అయితే ఎదురెదురుగా అద్దంలో చూసినట్టు రెండు మచ్చలు. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం తగిలినా చర్మం బొబ్బలెక్కి కాలిపోతుంది. పలాస వైపు జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేసే మహిళల చేతులను అడిగితే జీడిగింజ తొక్కలోని నూనె ఏం చేస్తుందో చెబుతాయి. ఇవన్నీ తగిలిన చోటికే పరిమితం. నోటిలో పుండ్లు ఉండవు. ఒక వైపున పట్టీలా వచ్చే అక్కి, పాముకాటు వాపు మీద లేచిన బొబ్బలు, మధుమేహం ఉన్నవారి పాదాల మీద నొప్పి లేకుండా లేచేవి కూడా చూడగానే గుర్తుపట్టగలిగినవే.

ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో పడే పొరపాటు ప్రాణాంతకం. సోరియాసిస్‌కు, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మందు. చీటీ అర్థం కాక రోజూ వేసుకుంటే నోరంతా పూసి, చర్మం పుండ్లు పడి, రక్తకణాలు పడిపోతాయి. చూడడానికి టెన్ లాగే ఉంటుంది. అది ఎలర్జీ కాదు, మోతాదు మించిన విషప్రభావం. దానికి విరుగుడు ఉంది, ఫోలినిక్ ఆమ్లం. కాబట్టి నోరు పూసిన ప్రతివారినీ "కీళ్ల మందు ఏదైనా వాడుతున్నారా, వారంలో ఎన్నిసార్లు?" అని అడగండి.

నాలుగో అడుగు: తేదీల పట్టిక

అన్నింటిలోకి ముఖ్యమైనది ఇదే. దీనికి అరగంట పడుతుంది. ఖర్చు ఒక తెల్లకాగితం.

కాగితం అడ్డంగా పెట్టి పైన తేదీలు రాయండి, ఇవాళ్టి నుంచి వెనక్కి ఎనిమిది వారాలు. ఎడమ పక్కన ఒక్కొక్క మందు పేరు. ప్రతి మందుకూ మొదలుపెట్టిన రోజు నుంచి ఆపిన రోజు దాకా ఒక గీత. ఇక నిలువుగా ఒక ఎర్ర గీత కావాలి, జబ్బు మొదలైన రోజుకు. ఇక్కడే చాలామంది తడబడతారు. బొబ్బ లేచిన రోజు దగ్గర ఎర్ర గీత గీస్తారు. అది తప్పు. స్టీవెన్స్-జాన్సన్ చాలాసార్లు ఒట్టి జ్వరంగా, గొంతు నొప్పిగా, కళ్ల మంటగా మొదలవుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత చర్మం మీద బయటపడుతుంది. ఆ మొదటి రోజు దగ్గరే ఎర్ర గీత గీయాలి.

ఆవిడ పట్టిక ఇలా వచ్చింది. జూలై 3న కార్బమాజెపైన్ మొదలు. 18న జ్వరం, ఆ సాయంత్రం పారాసెటమాల్. 19న గొంతు నొప్పి, అమాక్సిసిలిన్. 20న కళ్ల మంట, ఛాతీ మీద ఎర్ర మచ్చలు. 21న బొబ్బలు. 22న మా దగ్గరికి. ఎర్ర గీత 18 దగ్గర పడింది. పారాసెటమాల్, అమాక్సిసిలిన్ గీతలు దానికి కుడి పక్కన మొదలయ్యాయి. జబ్బు మొదలయ్యాక వచ్చిన మందు జబ్బుకు కారణం ఎలా అవుతుంది? ఎర్ర గీతకు ఎడమ పక్కన, పదిహేను రోజుల దూరంలో మొదలైనది ఒక్కటే ఉంది. కాగితం మీద చూపించగానే ఆవిడ భర్తకు క్షణంలో అర్థమైంది. మాటలతో చెప్పినప్పుడు కాలేదు.

మందుల వివరాలు రాబట్టడానికి "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే "ఏమీ లేవండీ" అనే జవాబే వస్తుంది. బీపీ మాత్ర, షుగరు మాత్ర చాలామంది లెక్కలో మందులే కావు, అన్నంతో పాటు రోజూ ఉండేవి. అందుకే విడివిడిగా అడగాలి. ఫిట్స్‌కు? నొప్పులకు? యూరిక్ యాసిడ్‌కు? క్షయకు? మూత్రంలో మంటకు? విరేచనాలకు? ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూది ఏమిటి? మందుల షాపులో చీటీ లేకుండా విడిగా కత్తిరించి ఇచ్చిన మాత్రలు ఏవి? పసరు, చూర్ణం, లేహ్యం? హెచ్ఐవీ మందుల గురించి అందరి ముందు అడగకండి. ఒంటరిగా, గొంతు తగ్గించి అడగండి. పక్కింటివారి మాత్ర ఒకటి అడిగి వేసుకున్నారా అని కూడా అడగండి, ఎందుకంటే చాలా ఇళ్లలో అది మామూలే.

ఇంటికి ఒకరిని పంపి మందుల డబ్బా, కవర్లు, ఖాళీ షీట్లు, పాత చీటీలు అన్నీ తెప్పించండి. వీలు కాకపోతే ఫోనులో ఫొటోలు తీసి పంపమనండి. షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరునే పట్టికలో రాయాలి, కంపెనీ పెట్టిన పేరును కాదు. ఒకే మందు పది పేర్లతో దొరుకుతుంది. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఈ రెండు సంగతుల వల్లే అనుమానిత మందు ఒకసారి ఆపినా మరో పేరుతో మళ్లీ లోపలికి వస్తుంది.

ఇంకో మెలిక: ఆపేసిన మందు కూడా ఒంట్లో ఉంటుంది. రక్తంలో సగం తగ్గడానికి ఒక మందుకు ఎంత కాలం పడుతుందో, దానికి ఐదు రెట్ల కాలం దాకా అది ఉన్నట్టే లెక్క. ఫినోబార్బిటాల్‌కు ఆ సగం కాలమే దాదాపు నాలుగు రోజులు, అంటే ఆపాక మూడు వారాల దాకా అనుమానం వదలకూడదు. మలేరియాకు ఒక్క మోతాదుగా ఇచ్చే సల్ఫాడాక్సిన్ కూడా వారాల తరబడి నిలుస్తుంది. కిడ్నీలు బాగా లేకపోతే ఈ లెక్కలన్నీ ఇంకా పొడవవుతాయి.

ఐదో అడుగు: అనుమానితుల వరుస

స్టీవెన్స్-జాన్సన్, టెన్‌లకు కారణమయ్యే మందులు వందకు పైగా అనుమానంలో ఉన్నా, పదే పదే పట్టుబడేవి కొన్నే. ఫిట్స్ మందుల్లో కార్బమాజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, లామోట్రిజిన్. సల్ఫా మందుల్లో కోట్రిమోక్సజోల్, సల్ఫాసలజైన్. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్. హెచ్ఐవీ మందు నెవిరపైన్. నొప్పి మందుల్లో పైరాక్సికామ్, మెలాక్సికామ్ లాంటి ఆక్సికామ్‌లు. వీటిలో ఏదైనా ఎర్ర గీతకు నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల ముందు మొదలై ఉంటే దాదాపు దొంగ దొరికినట్టే. ఎనిమిది వారాల వరకూ వదలకూడదు. ఏళ్ల తరబడి వాడుతున్న బీపీ మాత్రను మాత్రం చివర్లో చూడవచ్చు.

అల్లోప్యూరినాల్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మాస్టర్ చెకప్ ప్యాకేజీలో యూరిక్ యాసిడ్ కొద్దిగా ఎక్కువ వస్తుంది. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాతం) లేదు, కిడ్నీలో రాయి లేదు, రోగికి ఏ బాధా లేదు. అయినా కాగితం మీద అంకె ఎర్రగా ఉందని మాత్ర మొదలవుతుంది. అవసరమే లేని మందుకు చర్మం పోగొట్టుకోవడం కన్నా ఘోరం ఉందా? నిజంగా అవసరమైనవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, కిడ్నీల పనితీరు చూసుకోవాలి. మొదటి రెండు నెలల్లో దద్దురు వస్తే ఆ క్షణమే ఆపమని చీటీ మీద రాయాలి. లామోట్రిజిన్ కూడా అంతే. మోతాదును వారాల మీద నిదానంగా పెంచాలి, వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందుతో కలిపి ఇస్తుంటే ఇంకా నిదానంగా.

కాలవ్యవధి మరీ తక్కువగా, అంటే గంటల నుంచి ఒకటి రెండు రోజులే ఉంటే వేరే జబ్బు గుర్తుకు రావాలి. విరేచనాలకు మాత్ర వేసుకున్న రాత్రికే పెదవి మీద, జననాంగాల మీద, ఒంటి మీద అక్కడక్కడ గుండ్రంగా, ముదురు ఊదా రంగులో, అంచులు స్పష్టంగా ఉన్న మచ్చలు లేచి, వాటి మధ్య బొబ్బ వస్తే అది ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్. "ఇదే చోట ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడగండి. "అవునండీ, పోయినేడు కూడా ఇక్కడే వచ్చి నల్లమచ్చ మిగిలింది" అంటారు. నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్, మెట్రోనిడజోల్, కోట్రిమోక్సజోల్, నొప్పి మాత్రలు దీనికి ప్రసిద్ధం. ఇక్కడ మాత్రం నిన్న వేసుకున్న మందే దోషి. మచ్చల సంఖ్య పెరిగి ఒళ్లంతా బొబ్బలైతే టెన్ అని పొరబడతారు. మచ్చల మధ్య మామూలు చర్మం మిగిలి ఉండడం, నోరు కళ్లు అంతగా దెబ్బతినకపోవడం తేడా చెబుతాయి.

పెద్ద వయసువారిలో బిగుతైన బొబ్బలు వస్తే మధుమేహానికి ఇచ్చే గ్లిప్టిన్‌లను, ముఖ్యంగా విల్డాగ్లిప్టిన్‌ను చూడండి. ఇక్కడ గడువు వారాలు కాదు, నెలలు. ఆసుపత్రిలో వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కుతున్న రోగికి బొబ్బలు వస్తే లీనియర్ ఐజీఏ అనే మరో బొబ్బల జబ్బు గుర్తుకు రావాలి.

ఆరో అడుగు: అంకెలతో తూచడం

ఒకే సమయంలో నాలుగు మందులు మొదలై ఉంటే కంటితో చూసి తేల్చలేం. 2010లో యూరప్ పరిశోధకులు ఈ జబ్బుల కోసమే ఆల్డెన్ అనే మార్కుల పద్ధతిని ప్రచురించారు. పట్టిక తయారై ఉంటే పది నిమిషాల పని. ఎర్ర గీత నాటికి మందు మొదలై 5 నుంచి 28 రోజులైతే 3 మార్కులు, 29 నుంచి 56 అయితే 2. జబ్బు మొదలైన రోజున గానీ ఆ తర్వాత గానీ మొదలైతే 3 తగ్గుతాయి. పేరుమోసిన అనుమానితుడైతే 3 కలుస్తాయి. అదే మందుతో ఇదే జబ్బు గతంలో వచ్చి ఉంటే 4. గతంలో ఏ ఇబ్బందీ లేకుండా వాడి ఉంటే 2 పోతాయి. ఆ రోజుకు మందు ఒంట్లో మిగిలే అవకాశం లేకపోతే 3 పోతాయి. మొత్తం 6 లేదా ఆపైన వస్తే కారణం చాలావరకు అదే, 4 లేదా 5 అయితే బలమైన అనుమానం, సున్నా కన్నా కింద అయితే దాదాపు నిర్దోషి.

ఆవిడ కార్బమాజెపైన్‌కు గడువుకు 3, పేరుకు 3, మొత్తం 6. జ్వరం మాత్ర సున్నా కన్నా ఎంతో కిందికి పోయింది. ఎర్ర గీత తర్వాత మొదలైనందుకు 3 తగ్గాయి, అంతకుముందు ఎన్నోసార్లు హాయిగా వాడినందుకు మరో 2. నిర్దోషిని విడిపించడం కూడా ఈ లెక్క ప్రయోజనమే. లేకపోతే ఆవిడ జీవితాంతం జ్వరానికి పారాసెటమాల్ వేసుకోవడానికి భయపడుతూ, కార్బమాజెపైన్ మాత్రం మళ్లీ మింగేది.

ఏడో అడుగు: ఏ పరీక్ష ఏం చెబుతుంది

చర్మం ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడడం అన్నింటికన్నా విలువైనది. టెన్‌లో పైచర్మం మొత్తం మందాన చచ్చిపోయి కనిపిస్తుంది, కింద వాపు కణాలు తక్కువగా ఉంటాయి. పిల్లల స్టెఫైలోకాకస్ జబ్బులో చీలిక బాగా పైన ఉంటుంది. తొందరగా తేలాలంటే ఊడిన పైకప్పునే గడ్డకట్టించి కోసి చూస్తే కొద్ది గంటల్లో ఆ తేడా తెలుస్తుంది. రెండో ముక్కను బొబ్బ పక్కన మామూలుగా కనిపించే చర్మం నుంచి తీసి, చర్మానికి అంటుకున్న యాంటీబాడీలను మెరిసేలా చేసి చూసే ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకు పంపాలి. దాన్ని ఫార్మలిన్‌లో వేయకూడదు, వేస్తే ఆ పరీక్ష పనికిరాదు. కణాల మధ్య చేపల వలలా మెరిస్తే పెంఫిగస్. అడుగున గీతలా మెరిస్తే పెంఫిగాయిడ్. ఏమీ మెరవకపోతే స్టీవెన్స్-జాన్సన్, టెన్ వైపు మొగ్గు.

జాంక్ స్మియర్ చిన్న ఆసుపత్రిలోనూ చేయవచ్చు. బొబ్బ అడుగును సున్నితంగా గీకి గాజు పలక మీద రుద్ది రంగు వేస్తే పెంఫిగస్‌లో ఒంటరిగా తేలే గుండ్రటి కణాలు, హెర్పిస్‌లో అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు కనిపిస్తాయి.

యూరియా, బైకార్బొనేట్, గ్లూకోజు పరీక్షలు కారణం కోసం కాదు, ప్రమాదం ఎంతో తెలుసుకోవడానికి. వీటికి నలభై దాటిన వయసు, నిమిషానికి 120 దాటిన గుండె వేగం, క్యాన్సర్, 10 శాతం దాటిన చర్మనష్టం కలిపితే స్కోర్టెన్ అనే ఏడు అంశాల లెక్క వస్తుంది. దాన్ని మొదటి రోజే వేయాలి.

చాలా క్లినిక్‌లలో సూది ముందు చర్మంలోకి వేసే "టెస్ట్ డోస్" గురించి ఒక అపోహ ఉంది. అది నిమిషాల్లో వచ్చే ఎలర్జీని మాత్రమే పసిగట్టగలదు. వారాల తర్వాత వచ్చే ఈ జబ్బును ముందే చెప్పలేదు, తర్వాత నిర్ధారించనూ లేదు. అనుమానం తీర్చుకోవడానికి అదే మందును మళ్లీ ఇచ్చి చూడడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. రెండోసారి మరింత వేగంగా, మరింత తీవ్రంగా రావచ్చు.

జన్యు పరీక్షల మాట కూడా చెప్పుకోవాలి. హెచ్ఎల్ఏ-బి 15:02 అనే జన్యు రకం ఉన్నవారికి కార్బమాజెపైన్‌తో, 58:01 ఉన్నవారికి అల్లోప్యూరినాల్‌తో ఈ ముప్పు చాలా ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే ఆసియా మూలాలున్నవారికి కార్బమాజెపైన్‌కు ముందు ఈ పరీక్ష చేయమని సూచించింది. అమెరికాలో, సింగపూర్‌లో ఉంటున్న తెలుగువారు వైద్యుడు ఈ పరీక్ష అడిగితే అనవసర ఖర్చు అనుకోవద్దు. అయితే ఫలితం నెగటివ్ వచ్చినంత మాత్రాన మందు నిర్దోషి అని కాదు. మన దగ్గర రోగుల్లో ఆ జన్యువు లేకుండానే జబ్బు వచ్చినవారు ఉన్నారు.

ఎనిమిదో అడుగు: ఆపడం

పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూడకూడదు. గత ఎనిమిది వారాల్లో మొదలై, ప్రాణానికి తప్పనిసరి కాని ప్రతి మందునూ ఆ గంటే ఆపాలి. ఒంట్లోంచి త్వరగా పోయే మందులను ఎంత ముందు ఆపితే బతికే అవకాశం అంత పెరుగుతుందని 2000లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. తేదీల పట్టిక ఎందుకు అంత తొందరగా కావాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆపిన చోట ఏం పెట్టాలన్నది కూడా అప్పుడే తేల్చాలి. కార్బమాజెపైన్ వల్ల వచ్చినవారికి ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, ఆక్స్‌కార్బజెపైన్ ఇవ్వకూడదు. ఇవన్నీ ఒకే కుటుంబం, ఒకదానికి తిరగబడిన ఒళ్లు మరోదానికి తిరగబడవచ్చు. ఫిట్స్ ఉంటే లెవెటిరాసెటామ్ లాంటిది చూడాలి. హెచ్ఐవీ, క్షయ మందులైతే ఆ కేంద్రం వైద్యుడితో అదే రోజు మాట్లాడాలి, రోగిని వట్టి చేతులతో వదలకూడదు.

కంటి వైద్యుడిని మొదటి ఇరవై నాలుగు గంటల్లో పిలవాలి. చర్మం రెండు మూడు వారాల్లో తిరిగి వస్తుంది. కళ్ల లోపలి పొర ఆ రోజుల్లో రెప్పలకు అతుక్కుంటే చూపు పోవచ్చు. అలా నష్టపోయినవారికి పెదవి లోపలి పొరను రెప్పల అంచుకు అతికించే శస్త్రచికిత్సలు, ప్రత్యేకమైన పెద్ద లెన్సులు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి చోట్ల ఉన్నాయి. అక్కడిదాకా రానివ్వకుండా చూడడం మన చేతుల్లో ఉంది. దుప్పటికి పుండ్లు అంటుకోకుండా మన ఆసుపత్రుల్లో అరటి ఆకులు పరచడం ఇంకా ఉంది. చల్లగా, జారుగా, అంటుకోకుండా ఉండే ఆ ఆకు మీద పడుకోగానే రోగి ముఖంలో కనిపించే తేలిక నాకు తెలుసు.

తొమ్మిదో అడుగు: రాసి ఇవ్వడం

కోలుకుని ఇంటికి వెళ్లే రోజున "ఆ మందు పడదు" అని నోటిమాటగా చెప్పి పంపడం సరిపోదు. ఒక చిన్న కార్డు మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయాలి: జబ్బు పేరు, వచ్చిన తేదీ, కారణమైన మందు అసలు పేరు, దాని కుటుంబంలో వాడకూడనివి, వాడుకోదగినవి. చివరిది చాలామంది మరిచిపోతారు. వాడుకోదగినవి రాయకపోతే రోగి అన్ని మందులకూ భయపడి బీపీ మాత్ర కూడా మానేస్తాడు. తోబుట్టువులకు, పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పమనాలి.

ప్రతి కేసునూ మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయాలి. 2010లో మొదలైన ఈ జాతీయ కార్యక్రమానికి టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. వైద్యులే కాదు, రోగులు, ఇంటివాళ్లు కూడా ఫోను చేయవచ్చు. ఏ మందుతో ఎవరికి ఏమైందో చీటీలన్నీ ఒకచోట చేరితేనే రేపటి హెచ్చరికలు తయారవుతాయి.

ఆవిడ ఇరవై ఆరు రోజులకు ఇంటికి వెళ్లింది. ఆరు నెలల తర్వాత కంటి పరీక్షకు వచ్చినప్పుడు కార్డు ఉందా అని అడిగాను. చీర కొంగున ముడి విప్పింది. లామినేషన్ చేయించిన కార్డు, దాని వెనక మడతపెట్టిన తేదీల కాగితం, దాని మీద ఎర్ర గీత. "మందుల షాపుకెళ్తే ముందు ఇది చూపిస్తానండీ, తర్వాతే డబ్బులు తీస్తాను" అంది.